రెండు జతల ఇయర్‌బడ్స్‌లో పాట దేనిలో బాగుందో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

ఇయర్‌బడ్స్ కొన్నవారు, కొనబోతున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది: చేతిలో రెండు జతలున్నాయి, పాటలకు ఏది మంచిదో ఎలా తెలుసుకోవాలి? పెట్టె మీద ముద్రించిన డ్రైవర్ (లోపలి చిన్న స్పీకర్) సైజు, 20 నుంచి 20,000 హెర్ట్జ్ అన్న స్వర పరిధి అంకెలు ఇందుకు పనికిరావు. చవకదానిపైనా ఖరీదైనదానిపైనా ఇంచుమించు అవే అంకెలు ఉంటాయి. కాబట్టి వినే తేల్చుకోవాలి. అయితే ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకుని, అర నిమిషం విని నిర్ణయించేస్తే మీరు పోల్చింది ఇయర్‌బడ్స్‌ను కాదు. ఏది కాస్త గట్టిగా మోగిందో, ఏది చెవిలో బిగుతుగా కూర్చుందో, చాలాసార్లు దానికే ఓటు పడుతుంది. ముందుగా ఆ రెండు తేడాలను తొలగించాలి. ఈ పద్ధతిలో శ్రమంతా అక్కడే ఉంది.

కావలసినవి

- పోల్చదలచుకున్న రెండు జతలు. మూడోది ఉంటే తర్వాత చూసుకోండి. ఒకేసారి మూడు పెట్టుకుంటే గందరగోళమే మిగులుతుంది.
- ఒక ఫోను. ఒకేలాంటి ఫోన్లు రెండు దొరికితే మరీ మంచిది.
- రెండు జతలతో వచ్చిన అన్ని సైజుల ఇయర్ టిప్స్ (చెవిలోకి వెళ్లే మెత్తని తొడుగులు).
- మీకు బాగా తెలిసిన నాలుగైదు పాటలు, ఫోనులోకి డౌన్‌లోడ్ చేసుకున్నవి.
- కాగితం, కలం.
- ఫ్యాను ఆపేసిన గది. ఇది చిన్న విషయం కాదు. సీలింగ్ ఫ్యాను హోరు పాటలోని మంద్ర స్వరాలను, సన్నని వివరాలను కప్పేస్తుంది.
- వీలైతే సాయానికి ఇంకొకరు.

1. ముందు శుభ్రం చేయండి

పాత జతను కొత్తదానితో పోల్చేటప్పుడు పాతదాని జాలీని వెలుతురులో చూడండి. గులిమి పట్టి ఉంటే ధ్వని మందగిస్తుంది, ఒక పక్క తగ్గిపోతుంది. జాలీ కిందికి ఉండేలా పట్టుకుని, పొడిగా ఉన్న మెత్తని బ్రష్‌తో రుద్దండి. పిన్నీసు, నీళ్లు వాడకండి. పిన్నీసుకు జాలీ చిరిగితే మళ్లీ బాగుపడదు. రెండు జతలనూ పూర్తిగా ఛార్జ్ చేసి, వాటి యాప్‌లో అప్‌డేట్ ఉంటే వేసేయండి. కొన్ని కంపెనీలు అప్‌డేట్‌తో ధ్వని తీరునే మారుస్తాయి. సగం పోలిక అయ్యాక అప్‌డేట్ చేస్తే మళ్లీ మొదటికి రావాల్సిందే.

2. సెట్టింగులు సమం చేయండి

ఇక్కడ ఓపిక కావాలి, ఎందుకంటే ధ్వనిని మార్చే మీటలు మూడు చోట్ల దాక్కుని ఉంటాయి: ఫోనులో, పాటల యాప్‌లో, ఇయర్‌బడ్స్ యాప్‌లో.

ఫోనులో డాల్బీ అట్మాస్, స్పేషియల్ ఆడియో వంటివి, అంటే ధ్వని చుట్టూ నుంచి వస్తున్నట్టు చేసేవి ఉంటే ఆపేయండి. పాటల యాప్‌లో ఈక్వలైజర్ (కింది, పై స్వరాల బలాన్ని విడివిడిగా పెంచి తగ్గించేది) ఆపండి, నాణ్యతను అన్నింటికన్నా పై స్థాయిలో పెట్టండి. ‘ఆటో’లో వదలకండి, నెట్ మందగించినప్పుడు యాప్ చెప్పకుండా నాణ్యత తగ్గిస్తుంది. డౌన్‌లోడ్ చేసుకోమన్నది ఇందుకే. ఇయర్‌బడ్స్ యాప్‌లో ‘బేస్ బూస్ట్’ లాంటి పేర్లున్న మోడ్‌లు తీసేసి, కంపెనీ మొదట ఇచ్చిన సాధారణ మోడ్‌లో ఉంచండి.

బయటి శబ్దాన్ని తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ సంగతి వేరు. చాలా ఇయర్‌బడ్స్‌లో అది వేస్తే ఒక రకంగా, తీస్తే ఇంకో రకంగా పాట వినిపిస్తుంది. మీరు రోజూ ఎలా వాడతారో అలాగే పెట్టి పోల్చండి. బస్సులో, మెట్రోలో వినేవారైతే వేసి, ఇంట్లో వినేవారైతే తీసి. ఒకదానికి వేసి ఇంకొకదానికి తీసి మాత్రం పోల్చకండి.

ఇక కోడెక్. బ్లూటూత్‌లో పాట కుదించుకుని వెళ్తుంది, ఆ కుదింపు పద్ధతే కోడెక్. ఐఫోను బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కు ఎస్‌బీసీ, ఏఏసీ పద్ధతుల్లోనే పాట పంపుతుంది. సోనీ రూపొందించిన ఎల్‌డ్యాక్ 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి చాలా ఫోన్లలో ఉంది. సెకనుకు 330, 660, 990 కిలోబిట్ల మెట్లలో పనిచేస్తుంది. బ్లూటూత్ సెట్టింగుల్లో ఆ పరికరం పేరు పక్కనున్న గుర్తు నొక్కితే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏ కోడెక్ నడుస్తోందో కనిపిస్తుంది. ఇయర్‌బడ్స్‌ను ఒకేసారి రెండు పరికరాలకు కలిపి ఉంచితే కొన్ని మోడళ్లలో ఎల్‌డ్యాక్ ఆగిపోతుంది. కాబట్టి లాప్‌టాప్ నుంచి విడదీసి, ఒక్క ఫోనుకే కలపండి. దీని మీద ఇంతకంటే సమయం పెట్టనక్కర్లేదు. రెండు వేర్వేరు ఇయర్‌బడ్స్ మధ్య తేడా ముందు కోడెక్ తేడా చాలా చిన్నది.

3. చెవిలో సరిగ్గా కూర్చోబెట్టండి

టిప్ చెవిని మూసేలా కూర్చోకపోతే బేస్ బయటికి కారిపోతుంది. ‘దీనిలో బేస్ లేదు’ అని పక్కన పెట్టేసిన ఇయర్‌బడ్స్‌లో చాలావాటికి అసలు లోపం తప్పుడు సైజు టిప్ మాత్రమే. ప్రతి జతకూ ఇలా చూడండి:

- చెవి పైభాగాన్ని ఇంకో చేత్తో కొంచెం పైకి, వెనక్కి లాగి, బడ్‌ను లోపలికి తోసి కాస్త తిప్పండి.
- నోరు మూసి ‘మ్‌మ్’ అని గొంతు ఆడించండి. రెండు చెవుల్లోనూ మీ గొంతు తల లోపల గుమ్మని మోగాలి. ఒక పక్కే మోగితే రెండో పక్క మూత పడలేదని అర్థం. నాయిస్ క్యాన్సిలేషన్, బయటి శబ్దాన్ని లోపలికి పంపే ట్రాన్స్‌పరెన్సీ ఆపి ఈ పరీక్ష చేయండి.
- బేస్ ఉన్న పాట పెట్టి, బడ్‌ను వేలితో మెల్లగా లోపలికి అదమండి. అదిమినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగితే పెద్ద సైజు టిప్ వేయండి.

కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకో సైజు పట్టడం మామూలే. ఏ సైజుకూ మూత పడకపోతే ఫోమ్ టిప్స్ ప్రయత్నించవచ్చు. అవి వేళ్లతో నలిపి పెడితే లోపల ఉబ్బి మూసుకుంటాయి. అయితే పై స్వరాల పదును కొద్దిగా తగ్గిస్తాయి. ఒక జతకు ఫోమ్, ఇంకో జతకు సిలికాన్ వాడి పోలిస్తే టిప్స్ తేడా కూడా లెక్కలోకి వస్తుందని గుర్తుంచుకోండి.

టిప్స్ లేకుండా చెవి బయట వేలాడే రకాన్ని, చెవిని మూసే రకాన్ని బేస్ విషయంలో పోల్చకండి. వాటి నిర్మాణమే వేరు. గొంతు, వాద్యాల స్పష్టత వరకు పోల్చుకోండి.

4. వాల్యూమ్ సమం చేయండి

ఈ మెట్టు దాటేస్తే మిగతా శ్రమంతా వృథా. వాల్యూమ్ మారితే చెవి తీరే మారుతుంది. తక్కువ ధ్వనిలో మన చెవికి మంద్ర స్వరాలు సరిగా ఆనవు, ధ్వని పెరిగే కొద్దీ అవి నిండుగా తెలుస్తాయి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఒకటి రెండు డెసిబెల్స్ తేడా ఉంటే మనకు ‘ఇది గట్టిగా ఉంది’ అనిపించదు. ‘ఇది స్పష్టంగా ఉంది, ఇందులో ప్రాణం ఉంది’ అనిపిస్తుంది. మోసం జరిగేది అక్కడే.

రెండు ఇయర్‌బడ్స్‌ను ఫోనులో ఒకే గీత దగ్గర పెడితే సమం అయినట్టు కాదు. ఒకే గీత దగ్గర ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా మోగుతుంది. ఇలా చేయండి:

ఎ) మొదటి జత పెట్టుకుని, వాద్యాలు తక్కువగా, గొంతు ప్రధానంగా ఉన్న పాట ముక్క పెట్టండి. హాయిగా వినగలిగే మధ్య స్థాయిలో ఆపి, ఆ గీత కాగితం మీద రాసుకోండి.

బి) రెండో జత పెట్టుకుని, అదే ముక్క వింటూ, గొంతు అంతే దూరం నుంచి వస్తున్నట్టు అనిపించేదాకా వాల్యూమ్ సరిచేయండి. బేస్‌ను పట్టించుకోకండి, గొంతునే కొలతగా పెట్టుకోండి.

సి) మళ్లీ మొదటిదానికి వెళ్లి సరిచూడండి. ఇలా మూడు నాలుగు సార్లు అటూ ఇటూ మారితే స్థాయి కుదురుతుంది.

డి) చివరగా పింక్ నాయిస్‌తో ఒకసారి చూడండి. అది వాన హోరులా అన్ని స్థాయుల స్వరాలూ కలిసిన శబ్దం, యూట్యూబ్‌లో ఆ పేరుతో వెతికితే దొరుకుతుంది. రెండింటిలో హోరు తీరు వేరుగా ఉండవచ్చు, మొత్తం బలం మాత్రం సమానంగా ఉండాలి.

వాల్యూమ్ బటన్ ఒక్క నొక్కుకు మరీ ఎక్కువ మారిపోతోందా? ఆండ్రాయిడ్‌లో సాధారణంగా 15 మెట్లే ఉంటాయి, ఒక్కో మెట్టు ఈ పనికి పెద్దదే. అప్పుడు ఈక్వలైజర్‌లో ప్రీయాంప్ (మొత్తం ధ్వనిని పెంచి తగ్గించే మీట) ఉన్న ప్లేయర్ వాడండి, వీఎల్‌సీలో ఉంది. స్వరాల గీతలన్నీ సున్నా దగ్గరే ఉంచి, గట్టిగా మోగేదానికి ప్రీయాంప్‌ను మాత్రమే కొద్దికొద్దిగా తగ్గించండి. ఐఫోనులో కంట్రోల్ సెంటర్‌లోని వాల్యూమ్ పట్టీని వేలితో లాగితే బటన్ కంటే సన్నగా సర్దవచ్చు.

అయినా కుదరకపోతే ఇంకో దారి ఉంది, నాకు ఇదే ఎక్కువ నమ్మకం. పోలికను రెండుసార్లు చేయండి. ఒకసారి మొదటి జత అర మెట్టు ఎక్కువలో, ఇంకోసారి రెండో జత అర మెట్టు ఎక్కువలో. రెండుసార్లూ ఒకటే గెలిస్తే ఆ తేడా నిజమైనది. ఏది ఎక్కువలో ఉంటే అది గెలిస్తే మీరు విన్నది వాల్యూమ్‌ను మాత్రమే.

ఫోనులోని డెసిబెల్ యాప్‌కు బడ్ ఆనించి కొలవకండి. చెవి బయట బడ్ వేరుగా మోగుతుంది, బేస్ అంతా గాలిలో కలిసిపోతుంది. 1000 హెర్ట్జ్ కూత ఒక్కటే పెట్టి సమం చేయడమూ చాలదు. ఆ ఒక్క స్వరం దగ్గర సమమైనవి పాటలో సమంగా ఉండకపోవచ్చు.

5. పాట ముక్కలు ఎంచుకోండి

పూర్తి పాటలు వద్దు. విన్న ధ్వని తీరు మనకు కొన్ని సెకన్లే స్పష్టంగా గుర్తుంటుంది. ఐదు నిమిషాల పాట రెండుసార్లు వింటే మొదటిది ఎలా ఉందో ఊహే మిగులుతుంది. ఒక్కోటి 15 నుంచి 30 సెకన్ల ముక్కలు నాలుగైదు చాలు. ‘రిఫరెన్స్ ట్రాక్స్’ పేరిట నెట్‌లో తిరిగే ఇంగ్లీషు పాటల జాబితాలు మీకు అలవాటు లేకపోతే వదిలేయండి. మీ చెవికి ఏళ్లుగా తెలిసిన సంగీతంలోనే తేడా త్వరగా దొరుకుతుంది. నేనైతే ఈ రకాలు తీసుకుంటాను:

- వాద్యాలు తక్కువగా ఉన్న స్త్రీ గొంతు. స, శ, ష వచ్చే చోట చెవిలో గుచ్చుకుంటోందా చూడండి. ఆ ఊష్మాల బలం ఎక్కువగా 5,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అక్కడ ఎత్తు ఎక్కువైన ఇయర్‌బడ్స్ మొదటి పది నిమిషాలు ‘స్పష్టంగా’ అనిపిస్తాయి, గంటకు తలనొప్పి తెస్తాయి. దీనికి విరుగుడుగా పై స్వరాలను మరీ నొక్కేసినవీ ఉంటాయి. వాటిలో గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది, మాటల చివరి హల్లులు తెలియవు.

- కచేరీలో మృదంగం వినిపించే చోటు. ఎడమ పక్క గుమికి అనే మంద్ర నాదం కిందికీ పైకీ జారుతుంది, కుడి పక్క దెబ్బ పదునుగా పడుతుంది. ఈ రెండూ విడివిడిగా తెలియాలి. బేస్ ఉబ్బించిన ఇయర్‌బడ్స్‌లో గుమికి జారుడు పోయి ఒకే ‘ధమ్’గా మారుతుంది. మృదంగం వాయించేవారికైనా, నేర్చుకుంటున్నవారికైనా ఈ ఒక్క పరీక్షే సగం జవాబు ఇస్తుంది. వెనక తంబుర ఉంటే దాన్నీ గమనించండి. తీగల మీద మెరుపులా వచ్చే ఆ సన్నని రవళి మంచి ఇయర్‌బడ్స్‌లో గొంతు ఆగినా తెలుస్తూ ఉంటుంది.

- వీణ. మీటు పడిన తర్వాత నాదం సన్నబడుతూ గమకంతో సాగుతుంది. ఆ తోక ఎంతసేపు వినిపిస్తోందో రెండింటిలో లెక్కపెట్టండి.

- డప్పు దరువు లేదా తీన్‌మార్. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉండాలి. ఒకదాని మీద ఒకటి అలుక్కుపోతే ఆ ఇయర్‌బడ్స్‌కు బేస్ ఉంది, అదుపు లేదు.

- వాద్యబృందం, కోరస్ అన్నీ కలిసిన సినిమా పాట పతాక భాగం. ఒక వయొలిన్ వరుసను పట్టుకుని వెంబడించగలుగుతున్నారా?

- పాత మోనో రికార్డింగు (రెండు చెవులకూ ఒకే ధ్వని వెళ్లేది) ఒకటి. ఇది నాణ్యతకు కాదు, సమతూకానికి. మోనోలో ధ్వని అంతా తల మధ్యలో నిలబడాలి. ఒక పక్కకు ఒరిగితే టిప్ సరిగా కూర్చోలేదు, లేదా జాలీ మూసుకుపోయింది, లేదా రెండు బడ్స్ ఒకే బలంతో లేవు. కుడి ఎడమలు మార్చి పెట్టుకుని చూడండి. ఒరుగుదల కూడా పక్క మారితే లోపం బడ్‌ది, మారకపోతే మీ చెవిది.

6. ఒకసారికి ఒక్క ప్రశ్నతో వినండి

ఒకే ముక్కను అటూ ఇటూ వినండి, ఒక్క విషయమే గమనించండి. మొదట గొంతు, తర్వాత బేస్, తర్వాత పై స్వరాలు, చివరగా వాద్యాల మధ్య ఎడం. ప్రతిదానికీ ‘మొదటిది, రెండోది, తేడా లేదు’ అని మూడింటిలో ఒకటి రాసుకోండి. పదికి ఎన్ని మార్కులని వేసుకోకండి. మార్కులు వేయడం మొదలుపెడితే చెవి పక్కకు పోయి లెక్క ముందుకొస్తుంది. ‘తేడా లేదు’ అని రాయడానికి మొహమాటపడకండి. అది కూడా పనికొచ్చే జవాబే.

రెండు ఫోన్లుంటే ఒక్కోదానికి ఒక్కో జత కలిపి, రెండింటిలో పాట అదే చోట సిద్ధంగా ఉంచుకోండి. ఒక్క ఫోనే ఉంటే బ్లూటూత్ మార్చడానికి కొన్ని సెకన్లు పోతాయి, ఫరవాలేదు. కొన్ని శాంసంగ్ ఫోన్లలో ఒకేసారి రెండు బ్లూటూత్ పరికరాలకు పాట పంపే సదుపాయం ఉంది. అది ఉంటే మారడం ఇంకా తేలిక.

ఒక చెవిలో మొదటి జత బడ్, రెండో చెవిలో రెండో జత బడ్ పెట్టుకుని పోల్చేవారున్నారు. దయచేసి అలా చేయకండి. మన రెండు చెవులూ ఒకేలా వినవు. పైగా రెండు బ్లూటూత్ పరికరాల మధ్య ఆలస్యంలో తేడా ఉండి పాట చీలిపోతుంది.

7. ధర తెలియని చెవితో వినిపించండి

చెవిలో పెట్టుకునే వస్తువుకు కళ్లు మూసుకున్నా ఆకారం తెలిసిపోతుంది, కాబట్టి పూర్తిగా గుడ్డి పరీక్ష ఇక్కడ సాధ్యం కాదు. దానికి దగ్గరగా వెళ్లే మార్గం ఇది. ఇంట్లో ఈ రెండింటి ధర, కంపెనీ తెలియని వారిని కూర్చోబెట్టండి. టిప్స్ వారి చెవికి తగ్గట్టు మార్చి, వాల్యూమ్ సమం చేసి, అదే ముక్కలు వినిపించండి. కొత్త టిప్స్ వేయండి, లేదా ఉన్నవి సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరాకే వాడండి. ‘ఇది ఎలా ఉంది, బాగుంది కదూ’ అని అడగకండి, ‘ఏది?’ అని మాత్రమే అడగండి.

ఒకే ఇయర్‌బడ్స్‌లో ఎల్‌డ్యాక్‌కూ ఏఏసీకీ, లేదా 320 కిలోబిట్లకు కుదించిన పాటకూ ఏమీ కోల్పోని లాస్‌లెస్ పాటకూ తేడా తెలుస్తుందా అన్నదానికి మాత్రం అసలైన గుడ్డి పరీక్ష చేయవచ్చు. సాయం చేసేవారు నాణెం ఎగరేసి ఏది పెట్టాలో నిర్ణయించాలి, మీరు తెరవైపు చూడకుండా చెప్పాలి. పదిసార్లు చేయండి. ఐదారు సరైతే అది ఊహే. ఊహతోనే పదికి తొమ్మిదో పదో సరిగ్గా రావడానికి అవకాశం దాదాపు నూటికి ఒకటి. అంతవరకు వస్తే మీకు తేడా నిజంగా తెలుస్తోందని నమ్మవచ్చు. చాలామందికి రాదు. అలా రాకపోతే లాస్‌లెస్ కోసం ఎక్కువ చందా కట్టనక్కర్లేదు.

8. కొన్ని రోజులు వాడి చూడండి

అటూ ఇటూ మార్చి వినేటప్పుడు పదునైనదే గెలుస్తుంది. రోజులు గడిస్తే లెక్క మారవచ్చు. గెలిచిందని అనుకున్న జతనే మూడు నాలుగు రోజులు వాడండి, తర్వాత రెండోదానికి మారండి. మారిన మొదటి పాటలో ఏది లోటుగా అనిపించిందో అప్పటికప్పుడు రాసుకోండి. ఏళ్ల తరబడి ఒకే ఇయర్‌బడ్స్ విన్నవారికి కొత్తది ఏదైనా మొదట తప్పుగానే వినిపిస్తుంది, చెవి అలవాటు పడే దాకా తీర్పు ఇవ్వకండి.

ఫలితం సరైనదేనా?

ఇంకో రోజు, కాగితం చూడకుండా, ముందు వేరే జతతో మొదలుపెట్టి అంతా మళ్లీ చేయండి. తీర్పు తిరగబడితే ఆ రెండింటి మధ్య మీకు పనికొచ్చే తేడా లేదు. అప్పుడు చెవిలో హాయిగా కూర్చునేది, ఫోన్‌లో మాట్లాడితే అవతలివారికి గొంతు బాగా చేరేది, బ్యాటరీ ఎక్కువ వచ్చేది తీసుకోండి.

లోపం ఉందేమో అన్న అనుమానం ఉంటే 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే స్వీప్ శబ్దం ఒకసారి వినండి. కింది స్వరాల్లో ‘బర్ర్’మని జీర వస్తే, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊగితే ఆ బడ్‌లో తేడా ఉంది. 8,000 హెర్ట్జ్ చుట్టుపక్కల చిన్న ఎత్తు వినిపిస్తే కంగారు పడకండి. అది చాలావరకు చెవి నాళం వల్ల వస్తుంది, బడ్ లోతు మారిస్తే చోటు మారుతుంది. నలభై దాటినవారికి 15,000 పైన ఏమీ వినిపించకపోవడం కూడా మామూలే, అది ఇయర్‌బడ్స్ లోపం కాదు. స్వీప్‌ను తప్పకుండా తక్కువ వాల్యూమ్‌లోనే పెట్టండి. వినిపించని చోట వాల్యూమ్ పెంచితే వినిపించే చోటికి వచ్చేసరికి చెవికి దెబ్బ తగులుతుంది.

పోలిక మొత్తం మధ్యస్థ వాల్యూమ్‌లోనే సాగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు వారానికి 80 డెసిబెల్స్‌లో 40 గంటలు. అదే 90 డెసిబెల్స్ అయితే నాలుగు గంటలే. చెవులు అలసిపోతే తేడాలు కూడా తెలియవు. అరగంటకోసారి ఆపి పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వండి.

దుకాణంలోనే తేల్చుకోవాల్సి వస్తే

చుట్టూ గోల ఉంటుంది కాబట్టి బేస్ గురించి అక్కడ తీర్పు చెప్పకండి. మీ సొంత ఫోను, మీ పాటలు, వీలైతే మీ టిప్స్ తీసుకెళ్లండి. గొంతు ముక్క, ఊష్మాల ముక్క, మోనో ముక్క, ఈ మూడే చూడండి. దుకాణంవారు పెట్టే పాటతో ఏదీ నిర్ణయించకండి, ఆ పాట ఆ ఇయర్‌బడ్స్‌కు నప్పుతుందనే పెడతారు. ఆన్‌లైన్‌లో కొంటుంటే వాపసు నిబంధనలు ముందే చదవండి. చెవిలో పెట్టుకునే వస్తువు కావడంతో లోపం ఉంటేనే మార్చి ఇస్తామనే చోట్లు ఎక్కువ. అలాంటి చోట కొన్నప్పుడు పైన చెప్పిన మోనో పరీక్ష, స్వీప్ పరీక్ష పార్సిల్ విప్పిన రోజే చేసేయండి.

తేడా ఒక్క బేస్ దగ్గరో, ఒక్క పదును దగ్గరో మాత్రమే ఉందని మీ కాగితం చెబుతుంటే, కొత్తది కొనే ముందు పాతదానికి ఈక్వలైజర్ వేసి చూడండి. ఊష్మాలు గుచ్చుకుంటే 6,000 నుంచి 8,000 దగ్గరున్న గీతను రెండు మూడు డెసిబెల్స్ దించండి. బేస్ కమ్మేస్తుంటే 100 నుంచి 250 మధ్య గీతను అంతే దించండి. పెంచడం కన్నా దించడం మేలు, ఎందుకంటే పెంచితే ధ్వని పగిలే ప్రమాదం ఉంది. సర్దిన తర్వాత వాల్యూమ్ మళ్లీ సమం చేసి, పైన 6వ అంశంలో చెప్పిన దగ్గర నుంచి ఇంకోసారి వినండి.